కర్మాగారములలో పరిశోధన - హైదరాబాదు మందుల పరిశ్రమ చెప్పు పాఠము

పండిన ధాన్యమునంతయు అమ్ముకొనిన రైతు మరుసటి యేడు విత్తనమునకై ఇతరుల గడప త్రొక్కవలసి వచ్చును. కర్మాగారమునకు పరిశోధన యట్టి విత్తనపు గింజ. కళ్లములో విత్తనము తీసియుంచుట ప్రతి రైతునకు తెలిసినదే. లాభములో కొంత తీసి పరిశోధనకై యుంచుట మాత్రము యజమానులందరు చేయు పని కాదు. కొందరు చేయుటకును, పెక్కురు చేయకుండుటకును కారణమేమి? దీనికి దూరదేశముల ఉదాహరణములు వెదుకనక్కరలేదు. హైదరాబాదు చుట్టుప్రక్కల వెలసిన మందుల కర్మాగారముల చరిత్ర చాలును. దానినే నేడు మీకు విన్నవింతును.

మొదటి కారణము చట్టము. 1911 నాటి పేటెంటు చట్టము ననుసరించి, మందును కనిపెట్టినవారు ఆ మందు మీదనే హక్కు పొందగలిగెడివారు. హక్కు ఉన్నన్నాళ్లు వారి అనుమతి లేక ఇతరులు దానిని ఏ పద్ధతిని చేసినను తప్పే. 1970 లో పార్లమెంటు చేసిన క్రొత్త చట్టము 1972 ఏప్రిలు 20 న అమలునకు వచ్చెను. అప్పటినుండి మందు మీద హక్కు పోయి, దానిని తయారుచేయు పద్ధతి మీద మాత్రమే హక్కు మిగిలెను. ఊరికి పోవు పాత బాట ఒకరిదే కావచ్చును గాని, క్రొత్త బాట వేసికొన్నవానిని ఆపు అధికారము వారికి లేదన్నమాట. అందుచేత మన రసాయనజ్ఞులు క్రొత్త బాటలు వెదకసాగిరి. ఆ వెదకుటయే పరిశోధన.

అయితే చట్టము ద్వారము తెరచును గాని, నడచువారిని పుట్టింపజాలదు. ఆ మనుష్యులెక్కడినుండి వచ్చిరి? హైదరాబాదులో 1944 లోనే సంస్థాన ప్రభుత్వమువారు పరిశోధనాలయ మొకటి నెలకొల్పిరి. అదియే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. తరువాత సోవియట్టు దేశపు సాయముతో కేంద్రప్రభుత్వ సంస్థయగు ఐ.డి.పి.ఎల్. వారి మందుల కర్మాగారము బాలానగరమున వెలసెను. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించు రైతు కుటుంబమున బుట్టిన కల్లం అంజిరెడ్డిగారు అందులో పనిచేసినవారే. ఆయన 1984 లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. ఆ ప్రభుత్వ కర్మాగారములో పని నేర్చిన ఇతరులును పెక్కురు స్వంత కర్మాగారములు పెట్టిరి. ఐ.డి.పి.ఎల్. మాత్రము నష్టములలో మునిగి, 1992 లో ఖాయిలాపడిన సంస్థగా ప్రకటింపబడెను. విత్తనమిచ్చిన చెట్టు ఎండిపోయినను, అది చల్లిన గింజలు మొలచినవి.

మూడవది ఓర్పుగల పెట్టుబడి. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు ఇంజనీరు, జీవశాస్త్రజ్ఞులు కారు. కాలేయమును చెరచు హెపటైటిస్-బి వ్యాధికి విదేశపు టీకా ఉన్నను, దాని ధర సామాన్యులకు అందుబాటులో లేదు. సాంకేతిక విజ్ఞానము నిమ్మని ఆయన విదేశీయుల నడుగగా వారు నిరాకరించిరి. అంతట 1993 లో శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను స్థాపించి, మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, పిమ్మట సి.సి.ఎం.బి. అను ప్రభుత్వ పరిశోధనాలయములోను చోటు సంపాదించి పని సాగించిరి. ఫలము ఎప్పుడు చేతికి వచ్చునో తెలియని పనికి బ్యాంకులు వెనుదీసినవి. ఒమాను దేశపు మంత్రి యూసుఫ్ బిన్ అలవీ ధనసహాయము చేసిరి. 1997 లో టీకా వెలువడెను. దాని వెల విదేశపు టీకా వెలలో కొద్ది భాగము మాత్రమే. తరువాత భారత్ బయోటెక్ మొదలగు సంస్థలును పోటీకి వచ్చుటచే ధర ఇంకను దిగెను.

నాల్గవది పన్ను రాయితీ. ఒకప్పుడు కర్మాగారము పరిశోధనకు 100 రూపాయలు వెచ్చించినచో, ఆదాయపు లెక్కలో 200 తీసివేయనిచ్చెడివారు. అది 2017 నుండి 150 కి, 2020 నుండి 100 కి తగ్గెను. నా అభిప్రాయములో, కోరికగలవాని చేతికి రాయితీ బలమిచ్చునే గాని, కోరిక లేనివానికి దానిని కలిగింపదు.

2005 జనవరి 1 నుండి మందు మీద హక్కు మరల వచ్చినది. ఇతరుల మందుకు క్రొత్త బాట వెదకిన చాలు నను కాలము పోయి, క్రొత్త మందునే కనిపెట్టవలసిన అవసరము కలిగెను. ఇది కష్టమైన పని. అంజిరెడ్డిగారి సంస్థ కనిపెట్టిన మధుమేహపు మందు నొకదానిని 1997 లో డెన్మార్కు దేశపు నోవో నార్డిస్క్ సంస్థ తీసికొన్నను, అది అంగడికి రాకయే ఆగిపోయెను. ఇట్టి నష్టమునకు ఓర్వగల సంస్థలు కొన్నియే.

పెద్దలారా! ఇందు గ్రామముల కొక విషయము గలదు. మందుల ధర తగ్గించు పద్ధతులకై పరిశోధించిన కర్మాగారములు తమ మురికినీటిని శుద్ధిచేయుటకు అంత శ్రద్ధ చూపలేదు. పటాన్‌చెరు ప్రాంతమున నక్కవాగు చెడి, చుట్టుప్రక్కల పొలములును బావులును పాడైనవి. గ్రామస్థుల ఆందోళనలును, న్యాయస్థానముల ఆజ్ఞలును వచ్చిన పిమ్మటనే శుద్ధిచేయు ఏర్పాట్లు బలపడినవి. ఒత్తిడి ఏ దిక్కున నుండునో, పరిశోధన ఆ దిక్కునకే సాగునని దీనివలన తేటపడుచున్నది.

2020-21 లెక్కల ప్రకారము, మన దేశపు ఉత్పత్తిలో ప్రతి 100 రూపాయలకు పరిశోధనకు వెచ్చించినది 64 పైసలు మాత్రమే. ఇది పెరుగవలెనన్న యజమానుల నొక్కరినే నిందించి ప్రయోజనము లేదు. ప్రభుత్వ పరిశోధనాలయములు బలముగా నుండవలెను. ఫలమునకై వేచియుండు పెట్టుబడి కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మాకిది కావలెనని గట్టిగా అడుగు ప్రజలుండవలెను. ఊరి ప్రక్కన కర్మాగారము వచ్చునప్పుడు, ఎందరికి కొలువులిత్తురని అడుగుటతో సరిపెట్టుకొనక, నీటి శుద్ధికి ఏమి చేయుదురనియు, మన పిల్లలకు పని నేర్పుదురా యనియు అడుగుడు. ఈ మాట మనవి చేసి విరమించుచున్నాను.