ఊదా కొండలు, బంగారు గడ్డి: తైలవర్ణ చిత్రాలలో ఆస్ట్రేలియా ప్రకృతి

కొన్నేళ్ళ క్రిందట జనవరి మాసంలో మా అమ్మగారు కోనసీమ నుండి మెల్‌బోర్న్ వచ్చారు. బెండిగో వైపు కారులో వెళుతుండగా చాలాసేపు కిటికీలోంచి చూసి, “ఏమిట్రా, ఇక్కడి చెట్లకు ఇంత దుమ్ము పట్టిందీ? వానలు పడవా?” అని అడిగారు. అది దుమ్ము కాదమ్మా, ఆకు రంగే అంత అన్నాను. ఆమె నమ్మలేదు. దారిలో ఆగినచోట ఒక ఆకు తెంపి, పైటకొంగుతో తుడిచి చూసుకున్నారు.

కొబ్బరి, అరటి, వరిచేల పచ్చదనానికి అలవాటుపడిన కన్ను అది. ఇంగ్లండు నుండి రంగుల పెట్టెలతో ఈ గడ్డపై దిగిన చిత్రకారులకూ ఇదే చిక్కు ఎదురైంది. తాము తెచ్చుకున్న ఆకుపచ్చలు ఇక్కడి అడవికి సరిపడలేదు. అయితే ఏ రంగు వేయాలి? కన్ను మొదట “ఉన్నది” అనుకున్న రంగును వదలి, కొండకు ఊదా, నీడకు నీలం వేస్తే అది అబద్ధమా? ఈ ప్రశ్నకు సమాధానం కొంత వృక్షశాస్త్రంలోను, కొంత భౌతికశాస్త్రంలోను, మిగిలినది మన కంటిలోను ఉన్నది.

ముందు ఆకు సంగతి. మన వైపు జామాయిల్ అనే పేరుతో తోటలుగా పెంచే యూకలిప్టస్ జాతికి ఈ దేశమే పుట్టినిల్లు. ఇక్కడ వాటిని గమ్ చెట్లంటారు. మామిడి ఆకుకు పైవైపు ముదురు, అడుగున లేత రంగు ఉంటాయి. ఎదిగిన గమ్ ఆకులు చాలావరకు కాడనుండి నిలువుగా వేలాడుతూ ఉంటాయి కనుక రెండు ముఖాలూ దాదాపు ఒకే తీరున ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ వాటి అంచులను తాకి జారిపోతుంది. నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. చాలా జాతులలో ఆకుపై మైనపు పూత కూడా ఉంటుంది. ఆ పూత తెల్లని వెలుగును చెదరగొట్టడం వల్ల లోపలి పచ్చదనం బూడిద, నీలం కలిసినట్లు కనిపిస్తుంది. మా అమ్మగారు కొంగుతో తుడిచినది ఆ మైనాన్నే. అంటే ఆమె పొరపడినది సగమే.

ఇక దూరపు కొండలు. సిడ్నీకి పశ్చిమాన ఉన్న బ్లూ మౌంటెన్స్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. యూకలిప్టస్ అడవులు టెర్పీన్లనే సుగంధ వాయువులను విడుదల చేస్తాయి. అవి గాలిలోని ఓజోన్ వంటి వాటితో చర్య జరిపి అతిసూక్ష్మ కణాలుగా మారుతాయి. కాంతి తరంగదైర్ఘ్యం కంటె చాలా చిన్నవైన కణాలు పొట్టి తరంగాలను ఎక్కువగా పరిక్షేపణం చేస్తాయి. లార్డ్ రాలే చూపిన నియమం ప్రకారం ఈ పరిక్షేపణం తరంగదైర్ఘ్యపు నాల్గవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. లెక్క వేస్తే 450 నానోమీటర్ల నీలికాంతి, 650 నానోమీటర్ల ఎర్రకాంతి కంటె నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. కొండకూ మనకూ నడుమ ఎంత గాలి ఉంటే అంత నీలం వచ్చి చేరుతుంది. ఆకాశం నీలంగా ఉండడానికి కారణమూ ఇదే.

నీడల కథ మరింత రసవత్తరమైనది. ఎండపడే నేలపై పచ్చని సూర్యకాంతి ప్రధానం. నీడలోకి ఆ కాంతి నేరుగా రాదు. అక్కడ వెలుగునిచ్చేది ముఖ్యంగా నీలాకాశం. కనుక నీడ నలుపు కాదు, నీలానికి దగ్గరగా ఉంటుంది. దానికి తోడు, పక్కన పండిన గడ్డి పసుపు పచ్చగా మెరుస్తుంటే మన కన్ను ఆ నీడకు ఊదాఛాయను తానే కల్పిస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ తివాచీల కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్న షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని విపులంగా పరిశీలించాడు. నల్లదారం సరిగ్గా నల్లగా లేదని వచ్చిన ఫిర్యాదుపై విచారించగా, లోపం అద్దకంలో లేదనీ పక్కన నేసిన రంగులలో ఉన్నదనీ తేలింది. ఆయన గ్రంథం 1839లో వెలువడింది. మన నేతగాళ్ళకు ఈ రహస్యం చేతిలోనే ఉన్నది. చిలకపచ్చ చీరకు వేసిన ఎర్రంచు, అదే నూలుతో నేసిన గులాబీరంగు చీరపై అంత ఎర్రగా కనిపించదు. రంగు ఒంటరిది కాదు. అది పొరుగును బట్టి మారుతుంది.

ఇప్పుడు చిత్రకారుల వద్దకు వద్దాము. తొలితరం యూరోపియన్లు గమ్ చెట్టును ఇంగ్లండు ఓక్ చెట్టులాగా గీశారని తరచు రాస్తుంటారు. ఇది అందరి విషయంలోను న్యాయం కాదు. 1831లో టాస్మేనియా చేరిన జాన్ గ్లోవర్ గమ్ కొమ్మల వంకరలను శ్రద్ధగానే పట్టుకున్నాడు. కాని ఇక్కడి ఎండను, దాని వేడిని రంగుగా మార్చిన పేరు మాత్రం 1880లలో మెల్‌బోర్న్ శివారు హైడెల్‌బర్గ్ పరిసరాలలో ఆరుబయట చిత్రించిన మిత్రబృందానికి దక్కింది: టామ్ రాబర్ట్స్, ఫ్రెడరిక్ మెక్‌కబిన్, ఆర్థర్ స్ట్రీటన్, చార్లెస్ కాండర్. 1889 ఆగస్టు 17న స్వాన్‌స్టన్ వీధిలోని బక్స్‌టన్ హాలులో వారు ఒక ప్రదర్శన పెట్టారు. 180కి పైగా చిత్రాలు; వాటిలో చాలా భాగం తొమ్మిది అంగుళాలు పొడవు, ఐదు అంగుళాలు వెడల్పు ఉన్న చుట్టల పెట్టె మూతలపై వేసినవి. ‘ఆర్గస్’ పత్రిక విమర్శకుడు జేమ్స్ స్మిత్ వాటిని తీవ్రంగా దుయ్యబట్టాడు. ఆ సమీక్షనే వారు ప్రదర్శనశాల వాకిట అంటించారు. దానిని చదివిన జనం ఇంకా ఎక్కువగా లోపలికి వచ్చి ఉంటారని నా అనుమానం.

అదే సంవత్సరం స్ట్రీటన్, తన ఇరవై ఒకటవ ఏట, ‘గోల్డెన్ సమ్మర్, ఈగిల్‌మాంట్’ చిత్రించాడు. ఎండిన గడ్డి మేత, సాయంకాలపు వెలుగు, వెనుక దూరాన నీలి కొండలు. చిత్రంలో సగభాగం బంగారం, మిగిలినది నీలం అన్నా తప్పులేదు. ఈ రెండూ ఒకదానికొకటి పూరక వర్ణాల వంటివి. ఒకదాని పక్కన రెండవది ఉంటే రెండింటి తీవ్రతా పెరుగుతుంది. 1896లో హాక్స్‌బరీ నది ఒడ్డున మండువేసవిలో వేసిన ‘ది పర్పుల్ నూన్స్ ట్రాన్స్‌పరెంట్ మైట్’లో నది, కొండలు అన్నీ నీలం, ఊదా ఛాయలలో కరిగిపోతాయి. వేడిని ఎరుపుతో చూపాలని ఎవరికైనా తోస్తుంది. స్ట్రీటన్ చల్లని రంగులని పేరుపడిన నీలంతోనే మధ్యాహ్నపు వడను చూపాడు. పొగమంచు లేని, దుర్భరమైన వెలుగు అది.

నాకు అన్నింటికంటె గొప్పగా తోచేది 1891 నాటి ‘ఫైర్స్ ఆన్’. బ్లూ మౌంటెన్స్ పాదాన లాప్‌స్టోన్ వద్ద రైలు సొరంగం తవ్వుతున్నారు. బాంబు పేలుడుకు ముందు పనివారు అరిచే హెచ్చరికే చిత్రానికి పేరు. పైన నిర్దయగా మెరిసే నీలాకాశం, కిందికి జారిన లేతపసుపు ఇసుకరాతి గుట్ట. చాలాసేపు చూస్తేగాని సొరంగం నోటివద్ద ఉన్న చిన్న మనుషులు కనిపించరు. పేలుడులో మరణించిన కార్మికుని వారు మోసుకొస్తున్నారు. దుఃఖాన్ని నలుపులో, బూడిదరంగులో చూపడం తేలిక. స్ట్రీటన్ అందమైన రంగులనే దగ్గరుంచి, ఆ మరణాన్ని ఎండ ఎంత లెక్కచేయకుండా ఉన్నదో చూపాడు. భావస్ఫోరకమైన రంగు అంటే నా దృష్టిలో ఇదే.

మరి ఊదాకొండ మన కంటికి అబద్ధంగా ఎందుకు తోచదు? కంటిలోని శంకు కణాలు మూడు రకాలు. రంగును గుర్తించడానికి మెదడు వాటి సంకేతాలను పోల్చుకుంటుంది. కాని ఆకారాన్ని, లోతును, దూరాన్ని అది ఎక్కువగా లేత ముదురు భేదాల నుండే గ్రహిస్తుంది. అందువల్ల కాంతిస్థాయి సరిగా ఉంటే చిత్రకారుడు రంగుతో ఎంత స్వేచ్ఛ తీసుకున్నా కొండ కొండగానే నిలుస్తుంది. కాంతిస్థాయి తప్పితే సరైన రంగు వేసినా కొండ ముందుకు దొర్లి వచ్చినట్లు ఉంటుంది. కళ్ళు సగం మూసి దృశ్యాన్ని, చిత్రాన్ని మార్చి మార్చి చూడడం ఈ పరీక్షకే. ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీసినా సరిపోతుంది.

తైలవర్ణాలకు ఇందులో ప్రత్యేక స్థానం ఉన్నది. తడిసిన మట్టి పొడిమట్టి కంటె ముదురుగా కనిపిస్తుంది కదా? గాలి వక్రీభవన గుణకం దాదాపు 1, అవిసె గింజల నూనెది సుమారు 1.48. రంగు పొడి రేణువుల మధ్య గాలికి బదులు నూనె ఉంటే ఉపరితలంపై చెదిరే తెల్లని కాంతి తగ్గి రంగు లోతుగా, నిండుగా వస్తుంది. ఈ నూనె నీటిలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి, అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది కనుక ఒక రంగును రెండవదానిలోకి నెమ్మదిగా కలపవచ్చు. అయితే దానిని ఆరుబయటికి మోసుకుపోవడం ఒకప్పుడు బాధే. నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తులలో కట్టి ఉంచేవారు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ ర్యాండ్ నొక్కితే వచ్చే లోహపు గొట్టానికి పేటెంటు పొందాడు. కోబాల్ట్ నీలం 1802లో తయారైంది, చౌకైన కృత్రిమ అల్ట్రామెరీన్ 1820లలో వచ్చింది. హైడెల్‌బర్గ్ కొండలపై ఈజిల్ నిలిపినవారి సంచిలో ఈ రసాయన పరిశ్రమ అంతా ఉన్నది.

ఇంట్లో ప్రయత్నించదలచిన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: నాలుగు గొట్టాలకు మించి కొనవద్దు. అల్ట్రామెరీన్, ఒక పసుపు, ఒక ఎరుపు, తెలుపు. గమ్ ఆకు కోసం ఆకుపచ్చ గొట్టం వెతకక నీలం, పసుపు కలిపి, అందులో ఒక చుక్క ఎరుపు వేయండి. ఆ “దుమ్ము” దానంతటదే వస్తుంది. మా అమ్మగారు చూసి, “ఇప్పుడు నిజంగా దుమ్ము పట్టినట్టుంది” అన్నారు. నేను దానిని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

పైన చెప్పిన చిత్రాలలో ‘గోల్డెన్ సమ్మర్’ కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలలోను, ‘పర్పుల్ నూన్’ మెల్‌బోర్న్‌లోని విక్టోరియా జాతీయ చిత్రశాల సేకరణలోను, ‘ఫైర్స్ ఆన్’ సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీలోను ఉన్నవి. వెళ్ళే ముందు ప్రదర్శనలో ఉన్నవో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

చివరగా తల్లిదండ్రులకు ఒక జాగ్రత్త. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఆ నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేస్తే వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే అంటుకోగలవు. వేసవిలో గరాజ్‌లో మరీ ప్రమాదం. వాడిన గుడ్డలను నీళ్ళు పోసిన రేకు డబ్బాలో వేసి మూత బిగించి ఉంచండి.