పదవి పేరు కాదు, చేసే పని
బోథ్ ప్రాంతంలో గల్ఫ్ వీసా కాగితాలు మనకు కొత్త కావు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసే మన పిల్లల నోట ఎల్‌-1ఏ మాట వినిపిస్తోంది. బహుళజాతి సంస్థ తన మేనేజరును అమెరికా శాఖకు పంపే వీసా ఇది. గత 3 ఏళ్లలో 1 ఏడాది నిరంతరంగా ఆ సంస్థకు ఇక్కడ పనిచేసి ఉండాలి.

మేనేజరన్న పేరు చాలదు. తన కింద ఎవరున్నారు, నియమించే, తొలగించే అధికారం ఉందా, రోజంతా దేనికి వెచ్చిస్తున్నారన్నది సంస్థే నిరూపించాలి. మామూలు పనివారిపై మేస్త్రీగా ఉండటం లెక్కకు రాదు. సిబ్బంది లేకున్నా కీలక విభాగాన్ని నడిపేవారికి అవకాశముంది; ఈ సంగతి చాలామందికి తెలియదు.

లేని పెత్తనాన్ని లేఖలో రాయించుకోవడం మాత్రం అబద్ధపు సాక్ష్యమే. మనకే నష్టమైనా సత్యసాక్ష్యం విడువరాదని అన్నిసా సూరా 135వ ఆయత్ ఆదేశం. లేఖ వెళ్లకముందే అబ్బాయిని కూర్చోబెట్టి, అందులోని ప్రతి పనీ తాను చేస్తున్నదేనా అని అడుగుదాం. కాన్సులేటు అధికారి అడిగేదీ అదే.