కోళ్లకు తెగులు - ఫోనులో పుకారు

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగొట్లలోను, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోను కోళ్లు ఉన్నట్టుండి చనిపోయినవి. నమూనాలను భోపాలులోని జాతీయ ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించగా బర్డ్ ఫ్లూ అని తేలినది. తెగులు సోకిన చోటి నుండి కిలోమీటరు లోపల మూడు నెలలు, పది కిలోమీటర్ల లోపల మూడు రోజులు కోడిమాంసపు అంగళ్లు మూయవలెనని అధికారులు ఉత్తరువు చేసిరి.

ఉత్తరువుకు హద్దు కలదు, వాట్సాప్ వార్తకు లేదు. పది కిలోమీటర్లు అను మాట ఒక చేయి మారినచో జిల్లా అగును, మరొక చేయి మారినచో రాష్ట్రమంతయు అగును. ఎప్పటిదో, ఏ దేశపుదో తెలియని కోళ్ల గుట్ట బొమ్మ దానికి తోడగును. నాటుకోళ్లు పెంచుకొను ఒక అమ్మ అట్టి బొమ్మను నాకు చూపి, "ఇది మన పక్క ఊరేనా సారూ?" అని అడిగినది. ఆ బొమ్మలో ఊరి పేరు లేదు, తేదీ లేదు. అడిగి తెలిసికొనవలెనని ఆమెకు తోచినది. చాలమందికి ఆ మాత్రము తోచదు.

పుకారు ఖరీదు రైతుకు తెలియును. బ్రాయిలరు కోడి ఆరు వారములకు అమ్మకమునకు వచ్చును. కొనువాడు రానిచో అది ఆగదు, మేత తినుచునే యుండును. 2020లో కోడిమాంసము వలన కరోనా వచ్చునని ఫోనులలో ప్రచారము జరిగినది. ధర పడిపోయినది. హైదరాబాదులో మంత్రులు వేదికనెక్కి కోడిమాంసము తిని చూపవలసి వచ్చినది. కోళ్ల మేతకు గిరాకీ తగ్గగా మొక్కజొన్న రైతు సయితము నష్టపోయెను. కోడిని పెంచనివాడు కూడ కోడి పుకారుకు సుంకము చెల్లించెనన్నమాట.

ఇక భయపడనక్కరలేదని కొట్టివేయుటయు సరికాదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన పసిపాప ఒకతె ఈ తెగులుతో మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించినది. పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని ఇంటివారు చెప్పిరి. బాగుగా ఉడికిన మాంసములో, గ్రుడ్డులో ఈ సూక్ష్మజీవి బ్రదుకదు; 70 డిగ్రీల వేడికి నశించును. ప్రమాదమంతయు పచ్చిమాంసము వద్ద, జబ్బుకోడిని ముట్టుకొనుట వద్ద ఉన్నది. కోసిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

పుకారుకంటె నేను ఎక్కువగా భయపడునది మౌనమునకు. తన షెడ్డు బొమ్మ ఊరంతటి ఫోనులలోను తిరుగునని రైతు జంకును. చచ్చిన కోళ్లను రాత్రివేళ కాలువలో పారవేయును. ఆ నీరు దిగువ ఊరి కోళ్లకు చేరును. తనకును మేలు కలుగదు: ప్రభుత్వము తీయించివేసిన కోళ్లకు పరిహారము కలదు గాని, అంతకుముందే చచ్చినవాటికి లేదు. ఒక్కొక్క దినము దాచిన కొలది పరిహారము పొందదగిన కోళ్లే తగ్గిపోవును.

చచ్చిన ప్రతి కోడియు బర్డ్ ఫ్లూతో చచ్చినది కాదు. మనవారు ఎరిగిన కొక్కెర తెగులు కూడ మందలను మందలుగా తుడిచిపెట్టును. దానికి టీకా కలదు, వేయించుడు. కంటితో చూచి రెండింటిని వేరుపరచుట పశువైద్యునికే కష్టము, ప్రయోగశాల చెప్పవలసినదే. శీతకాలములో పులికాట్, నేలపట్టు ప్రాంతములకు వలసపక్షులు వచ్చును. చెరువుల అంచున పెరటికోళ్లను వదలువారు ఆ నెలలలో వాటిని మూసి ఉంచుట మంచిది.

గ్రామాధికారులకు ఒక మనవి. అనుమానము కలిగిన దినముననే పశువైద్యశాలకు గాని, 1962 నంబరుకు గాని తెలుపుడు. ఊరి వాట్సాప్ గుంపులో మీరే ముందుగా నాలుగు మాటలు పెట్టుడు: ఏ ఊరు, ఏ తేదీ, నమూనా పంపినది లేనిది, అంగళ్లు ఎంత దూరము వరకు ఎన్ని దినములు మూసినది. షెడ్డు యజమాని పేరు, బొమ్మ పెట్టవద్దు. ఫలితము వచ్చిన పిదప అదే గుంపులో దానిని తెలుపుడు. తెగులు లేదని తేలినను తెలుపవలసినదే. ఆ వార్తను వేరెవ్వరును మోయరు.