మనోరోగాల వర్గీకరణ: అంకెల సాక్ష్యం

నవలలో పాత్ర దిగులుగా కనిపిస్తే చాలు, మనోవైద్యంలోంచి ఒక పేరు తెచ్చి తగిలించడం మన విమర్శకి చాలాకాలంగా ఉన్న అలవాటు. 'చివరకు మిగిలేది'లో దయానిధిని ఫ్రాయిడ్ పరిభాషలో ఎంతమంది విశ్లేషించారో లెక్కలేదు. ఆ పేర్లు తిరుగులేని శాస్త్రసత్యాలన్న నమ్మకం ఈ అలవాటు వెనక ఉంది. అవి ఎట్లా పుట్టాయో, వాటిని సరిచూడడానికి గణాంకశాస్త్రం ఏం చేసిందో రచయితలు తెలుసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

మలేరియా క్రిమి రక్తపరీక్షలో కనిపిస్తుంది. మనోరోగాల్లో చాలావాటికి అట్లాంటి పరీక్ష ఈనాటికీ లేదు. రోగి చెప్పింది, డాక్టరు చూసింది - ఇవే ఆధారం. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 1899లో తన పాఠ్యగ్రంథం ఆరో కూర్పులో తీవ్రమైన ఉన్మాదాల్ని రెండు పెద్ద పాయలుగా విడదీశాడు. ఏళ్ల తరబడి రోగుల్ని గమనించి చేసిన విభజనే అది, కాని ఒక మనిషి చూపు. లక్షణాలు నిజంగానే గుంపులుగా ఉంటాయా, లేక చూసేవాడి బుర్రలో గుంపులు కడుతున్నాయా? ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్నని అంకెలకి అప్పగించారు.

ఇందుకు మంచి ఉదాహరణ డిప్రెషన్ మీద ఇంగ్లండులో జరిగిన వివాదం. బయటి కారణమేదీ లేకుండా లోపలినుంచి పుట్టేది ఒకటి, జీవితంలో తగిలిన దెబ్బకి ప్రతిక్రియగా వచ్చేది మరొకటి, ఇవి రెండూ వేర్వేరు రోగాలని మార్టిన్ రాత్, ఆయన న్యూకాజిల్ సహచరులు అన్నారు. రెండూ ఒకే రోగంలోని హెచ్చుతగ్గులని లండన్‌లో ఆబ్రీ లూయిస్ 1934లోనే వాదించాడు. న్యూకాజిల్ వాళ్లు 129 మంది రోగుల్లో 35 అంశాలు నమోదుచేసి 1965లో ఫలితాలు ప్రకటించారు. రెండు రకాల్నీ వేరుచేయడానికి ఏ అంశం ఎంత పనికొస్తుందో లెక్కగట్టి, దానికి తగ్గ మార్కులు నిర్ణయించారు. బరువు తగ్గితే రెండు కలుపు, అపరాధభావముంటే ఒకటి కలుపు, ఆందోళన ఉంటే ఒకటి తీసెయ్యి. ఇట్లా వచ్చిన మొత్తాల్ని గ్రాఫు మీద పెడితే ఒంటె వీపులాగా రెండు మూపురాలు తేలాయి. నడుమ పల్లంలో మనుషులు తక్కువ. కనక రోగాలు రెండు. 1968లో రాబర్ట్ కెండెల్ లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి రోగులతో ఇటువంటి లెక్కే చేస్తే ఒకటే మూపురం వచ్చింది!

గణితంలో తప్పులేదు. మార్కులు వేసే డాక్టరుకి తాను వెతుకుతున్నదేమిటో ముందే తెలుసు. సందేహం కలిగినచోట చెయ్యి తన సిద్ధాంతం వైపు మొగ్గుతుంది. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేవి ఆ పట్టికలోని మరో రెండు అంశాలు. రోగానికి 'తగినంత' మానసిక కారణం కనబడకపోతే రెండు మార్కులు కలుపుతారు. ఇతరుల్ని నిందించే రోగికి ఒక మార్కు తగ్గిస్తారు. తగినంత అని తేల్చేదెవరు? న్యూకాజిల్ చుట్టూ బొగ్గుగనులు. గని మూతపడి వీధిన పడ్డ కార్మికుడు యాజమాన్యాన్ని నిందిస్తే అది రోగలక్షణమా, ఉన్నమాట చెప్పడమా? వైద్యుడి వర్గదృష్టి ఒకసారి అంకె వేషం వేసుకుని పట్టికలోకి దిగాక, ఎంత పెద్ద కంప్యూటరైనా దాన్ని ఏరి పారెయ్యలేదు.

అట్లాగని గణాంకాల్ని తోసిపుచ్చే మిత్రులతో నేను ఏకీభవించను. వైద్యుల పక్షపాతాన్ని బట్టబయలు చేసినవీ అంకెలే. రోగుల ఇంటర్వ్యూల వీడియోటేపుల్ని అమెరికన్, బ్రిటిష్ మనోవైద్యులకి చూపించిన అధ్యయనం ఒకటి 1971లో వెలువడింది. అందులో ఒక రోగిది స్కిజోఫ్రీనియా అని అమెరికన్లలో 69 శాతం అన్నారు. బ్రిటిష్ వైద్యుల్లో ఆ మాటన్నది 2 శాతం. మధ్యలో ఉన్నది అట్లాంటిక్ సముద్రమే.

ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆగ్రాతో సహా తొమ్మిది కేంద్రాల్లో 1,202 మందిని ఒకే పద్ధతిలో పరీక్షించి, జాన్ వింగ్ బృందం తయారుచేసిన 'కేటెగో' అనే కంప్యూటర్ ప్రోగ్రాముతో వైద్యుల నిర్ణయాల్ని పోల్చింది. స్కిజోఫ్రీనియా పరిధిని మిగతా ఏడింటికన్నా విశాలంగా గీసినవి వాషింగ్టన్, మాస్కో. ప్రచ్ఛన్నయుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన రాజధానులు ఇక్కడ ఒక్కటయ్యాయి. మాస్కోలో ఆ విశాలమైన పరిధి అసమ్మతివాదుల్ని ఆసుపత్రుల్లో బంధించడానికి సాధనమైంది కూడా. దీన్ని మనం దాటవేయకూడదు.

1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం తన నిర్ణయ గ్రంథం మూడో కూర్పులో లక్షణాలు లెక్కపెట్టే పద్ధతిని స్థిరపరచింది. ఇప్పటి కూర్పు ప్రకారం డిప్రెషన్‌కి తొమ్మిదింటిలో ఐదు లక్షణాలు రెండు వారాలపాటు ఉండాలి. వాటిలో దిగులుగాని నిరాసక్తతగాని తప్పనిసరి. ఈ షరతుని తీర్చే కలయికలు లెక్కిస్తే 227! ఒకే పేరు మోస్తున్న ఇద్దరు రోగులకి ఉమ్మడిగా ఉన్నది ఒక్క లక్షణమే కావచ్చు. పాత్రకి డిప్రెషన్ అని రాసే విమర్శకుడు వీటిలో దేన్ని ఉద్దేశించాడో చెప్పగలగాలి. వైద్యులు ఒకే పేరు పెట్టడం నేర్చుకున్నారు, అది లాభమే. ఆ పేరు వెనక ఒకే వస్తువుందా అన్నది వేరే ప్రశ్న.

ఆ తొమ్మిది కేంద్రాల రోగుల్ని రెండేళ్ల తర్వాత మళ్లీ వెతికి చూశారు. స్కిజోఫ్రీనియా అన్న పేరు అందరికీ ఒకటే అయినా, ఆగ్రాలో, నైజీరియాలోని ఇబాదాన్‌లో రోగుల స్థితి ధనికదేశాల కేంద్రాల్లోకన్నా మెరుగ్గా ఉంది. కుటుంబమా, చేయడానికి దొరికే పనా, రోగుల ఎంపికలోనే తేడానా - ఈ వాదం ఇంకా తెగలేదు.