మైలురాయి ఎపిసోడ్‌ను విమర్శకులు ఎలా చూస్తారు?
'సూపర్‌నాచురల్' 200వ భాగం ఒక ఉదాహరణ



సినిమా సమీక్షలు, పుస్తక సమీక్షలు మీరంతా చదివే ఉంటారు. సినిమా రెండున్నర గంటల్లో ముగుస్తుంది. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది. సమీక్షకుడు మొత్తం చూసి, చదివి తన అభిప్రాయం చెబుతాడు. కాని ఏళ్ల తరబడి సాగే టీవీ ధారావాహికలో ఒక్క భాగాన్ని విడదీసి మంచిచెడ్డలు నిర్ణయించడం ఎలా? పైగా అది నూరవదో, రెండువందలవదో అయితే దాన్ని కథగా చూడాలా, పండుగగా చూడాలా? ఈ ప్రసంగంలో అమెరికన్ ధారావాహిక 'సూపర్‌నాచురల్'ను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

1. నూరు అనే సంఖ్యకు అంత విలువ ఎందుకు?

మన దేశంలో రోజువారీ సీరియల్ వారానికి అయిదు భాగాలు ప్రసారమైతే ఇరవై వారాల్లో నూరు పూర్తవుతాయి. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి పెద్ద ఛానళ్లలో చాలాకాలం ఏడాదికి ఇరవై రెండు, ఇరవై మూడు భాగాలే వచ్చేవి. అంటే నూరు చేరడానికి అయిదేళ్లు పడుతుంది. చూసేవారు తగ్గితే మధ్యలోనే ఆపేస్తారు కనుక చాలా ధారావాహికలు అంతదూరం రానేరావు.

దీనికి వ్యాపార కారణం కూడా ఉంది. ఒక ధారావాహికను ఇతర ఛానళ్లు కొనుక్కుని రోజూ పునఃప్రసారం చేసుకోవాలంటే సుమారు నూరు భాగాలు ఉండాలన్నది అక్కడ చాలాకాలం నడిచిన లెక్క. నిర్మాతలకు అసలు లాభం అక్కడే వచ్చేది. అందుకే నూరవ భాగాన్ని వేడుకగా జరుపుకునే ఆనవాయితీ ఏర్పడింది.

2. ధారావాహిక పరిచయం

ఎరిక్ క్రిప్కీ సృష్టించిన 'సూపర్‌నాచురల్' 2005 సెప్టెంబరు 13న 'ది డబ్ల్యు.బి.' ఛానల్‌లో మొదలైంది. 2006లో ఆ ఛానల్ మూతపడడంతో కొత్తగా వచ్చిన 'ది సి.డబ్ల్యు.'కు మారింది. 2020 నవంబరు 19న ముగిసేనాటికి 15 సీజన్లు, 327 భాగాలు పూర్తయ్యాయి. శామ్, డీన్ అనే అన్నదమ్ములు పాత కారులో ఊరూరా తిరుగుతూ దయ్యాలను, పిశాచాలను వేటాడడం ఇందులోని కథ. జారెడ్ పాడలెకీ, జెన్సన్ యాకిల్స్ ఆ పాత్రలు పోషించారు.

దీని నిర్మాణంలో రెండు పద్ధతులు కలిసి ఉన్నాయి. మొదటిది ఏ వారం కథ ఆ వారమే ముగియడం. 1985లో దూరదర్శన్ ప్రసారం చేసిన 'విక్రమ్ ఔర్ బేతాళ్' ఈ పద్ధతిలోనిదే. రెండవది సీజన్ పొడవునా సాగే పెద్ద కథ. ఒక భాగాన్ని సమీక్షించేవారు అది ఏ కోవలోకి వస్తుందో ముందుగా గుర్తించాలి. విడికథను పెద్ద కథ కొలతతో కొలిస్తే తీర్పు తప్పుతుంది.

3. రెండువందలవ భాగం కథ

'ఫ్యాన్ ఫిక్షన్' అనే 200వ భాగం 2014 నవంబరు 11న ప్రసారమైంది. రచన రాబీ థాంప్సన్, దర్శకత్వం ఫిల్ స్గ్రిషియా. అభిమానులు తమకు నచ్చిన కథలోని పాత్రలతో సొంతంగా అల్లుకునే రచనను ఫ్యాన్ ఫిక్షన్ అంటారు.

ఒక బాలికల పాఠశాలలో నాటకం నేర్పే ఉపాధ్యాయురాలు మాయమవుతుంది. దర్యాప్తు కోసం వెళ్లిన అన్నదమ్ములకు అక్కడ వింత ఎదురవుతుంది. విద్యార్థినులు తమ జీవితాన్నే సంగీత నాటకంగా ఆడబోతున్నారు! చక్ అనే రచయిత ఈ అన్నదమ్ముల జీవితాన్ని నవలలుగా రాశాడన్న సంగతి నాలుగో సీజన్‌లోనే, 2009లో ప్రసారమైన ఒక భాగంలో వస్తుంది. మారీ అనే విద్యార్థిని ఆ నవలలను నాటకంగా మలిచింది. నవలలు ఆగిపోయిన తరువాత జరిగినదాన్ని తానే ఊహించి రాసుకుంది. ఆ ఊహ డీన్‌కు బొత్తిగా రుచించదు. తమ కథలో పాటలేమిటని విసుక్కుంటాడు.

మాయమవడాల వెనుక ఉన్నది గ్రీకు పురాణాల్లో ఇతిహాస కవిత్వానికి అధిదేవత అయిన క్యాలియోపీ. ఈ కథలో ఆమె రచన పూర్తిగా రూపుదాల్చేవరకు దానికి అడ్డువచ్చినవారిని తొలగిస్తుంది, పూర్తికాగానే రచయితనే మింగేస్తుంది. చివరికి ఆమె పీడ విరగడవుతుంది, నాటకమూ పూర్తవుతుంది. మొదట చిరాకుపడిన డీనే చివరకు మారీతో తన కథ తనదని, ఆమె కథ ఆమెదని ఒప్పుకుంటాడు.

4. విమర్శకులు ఎందుకు ఆదరించారు?

సమీక్షకుల్లో అత్యధికులు ఈ భాగాన్ని మెచ్చుకున్నారు. పాటలు, హాస్యం, విద్యార్థినుల పాత్రల్లోని ఉత్సాహం వారిని ఆకట్టుకున్నాయి. అయితే ఆ ఆదరణను అర్థం చేసుకోవాలంటే అంతకుముందు జరిగింది తెలియాలి.

ఈ ధారావాహిక తన అభిమానులను అంతకుముందే తెరమీదికి తెచ్చింది. 2009లో ప్రవేశపెట్టిన బెకీ అనే అభిమాని పాత్రను చాలావరకు నవ్వులపాలు చేసింది. 2011లో వచ్చిన ఒక భాగంలో ఆమె మందు పెట్టి శామ్‌ను పెళ్లాడుతుంది. ఏళ్లుగా తమను ఆదరిస్తున్న మహిళా ప్రేక్షకులను వెర్రివాళ్లుగా చూపడం సరికాదన్న విమర్శలు అప్పుడు వచ్చాయి. వాటి వెలుగులో చూస్తే 'ఫ్యాన్ ఫిక్షన్' ఒక సమాధానంలా కనిపిస్తుంది. ఇందులో అభిమాని హాస్యపాత్ర కాదు. నాటకం రాసి, నడిపించి, అపాయం వచ్చినా నిలబడిన బాలిక ఆమె.

కాబట్టి ఒక భాగం విలువ దాని నలభై నిమిషాల్లోనే ఉండకపోవచ్చు. అంతకుముందు తొమ్మిదేళ్లలో జరిగినదానితో అది పెట్టుకునే సంబంధంలో కూడా ఉంటుంది.

5. అడగవలసిన ప్రశ్నలు

మెచ్చుకోళ్లను కూడా పరీక్షించాలి. ఈ భాగం గురించి మూడు ప్రశ్నలు వేయవచ్చు.

ఒకటి: పాత కథ తెలియనివారికి ఇది అర్థమవుతుందా? చాలా చతురోక్తులు, చివర్లో రచయిత చక్ హఠాత్తుగా ప్రత్యక్షం కావడం మొదటిసారి చూసేవారికి అందవు. ఇది లోపమా, పాత ప్రేక్షకులకు ఇచ్చిన కానుకా అన్నది సమీక్షకుడు తేల్చుకోవాలి.

రెండు: పండుగను పక్కన పెడితే కథ నిలుస్తుందా? క్యాలియోపీ తక్కువసేపే కనిపిస్తుంది. భయం పుట్టించడం ఈ భాగం ప్రధానోద్దేశం కాదు. దయ్యాల కథలో భయం వెనుకబడితే మరేదో ఆ స్థానాన్ని నింపాలి. ఇక్కడ ఆప్యాయత నింపిందని మెచ్చుకున్నవారి వాదం.

మూడు: అభిమానులను సంతోషపెట్టడం, గౌరవించడం ఒకటేనా? వారు కోరినదల్లా ఇవ్వడం సంతోషపెట్టడం. వారి ఊహకూ విలువ ఉందని ఒప్పుకోవడం గౌరవించడం. డీన్ మారీ కథను అంగీకరించడు, కాని దానికి ఉన్న హక్కును కాదనడు. ఈ భాగం బలం ఈ తేడాను పాటించడంలోనే ఉంది.

6. మన సాహిత్యంలో ఇలాంటి సందర్భం

తన కథను తానే వేదికపై చూసే నాయకుడు మనకు కొత్త కాదు. ఎనిమిదో శతాబ్దికి చెందిన భవభూతి రచించిన 'ఉత్తరరామచరితం' ఏడవ అంకంలో వాల్మీకి సీతాపరిత్యాగానంతర కథను శ్రీరాముడి ఎదుటే నాటకంగా ఆడిస్తాడు. రాముడు చలించిపోతే, అది నాటకమని లక్ష్మణుడు గుర్తుచేయవలసి వస్తుంది. అక్కడా అన్నదమ్ములే ప్రేక్షకులు కావడం గమనించండి. భవభూతి కన్నీరు తెప్పించిన చోట అమెరికన్ రచయిత నవ్వు పుట్టించాడు.

ఇక కథ ఎవరిది అన్న ప్రశ్న. విశ్వనాథ సత్యనారాయణ 'రామాయణ కల్పవృక్షం' ఆరంభంలోనే మళ్లీ రామాయణం ఎందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పుకున్నారు. మన ఇళ్లలో స్త్రీలు పాడుకున్న 'ఊర్మిళాదేవి నిద్ర', 'లక్ష్మణదేవర నవ్వు' వంటి పాటల్లో వాల్మీకి చెప్పని సంగతులెన్నో ఉన్నాయి. వాటిని చాలాకాలం పండితులు పెద్దగా పట్టించుకోలేదు. తరువాత వెల్చేరు నారాయణరావు వంటివారు ఆ పాటల్లో స్త్రీల సొంత చూపును గుర్తించి వివరించారు. ఇతిహాసాన్నీ టీవీ సీరియల్‌నూ ఒకే స్థాయిలో నిలబెట్టడం మన ఉద్దేశం కాదు. విన్నవారు కథను తమదిగా చేసుకునే తీరు మాత్రం రెండుచోట్లా ఒకటే. పాఠశాల వేదికమీద మారీ చేసింది అదే.

7. మూడు మైలురాళ్లు, మూడు దారులు

ఇదే ధారావాహికలో 100వ భాగం 'పాయింట్ ఆఫ్ నో రిటర్న్' 2010 ఏప్రిల్ 15న వచ్చింది. అందులో ప్రత్యేక వేడుక ఏమీ లేదు. పెద్ద కథే మరో మెట్టు ఎక్కింది. 200వది కథను కాసేపు ఆపి ప్రేక్షకుల వైపు తిరిగింది. 2019 ఫిబ్రవరి 7న వచ్చిన 300వది 'లెబనాన్' కుటుంబం వైపు తిరిగింది. చనిపోయిన తండ్రి 2003 నుంచి వర్తమానంలోకి వస్తాడు. అందరూ ఒక్క పూట కలిసి భోజనం చేస్తారు, ఆపైన అతన్ని వెనక్కు పంపక తప్పదు. మూడింటినీ ఒకే కొలతతో కొలిస్తే ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతుంది. ఏది ఏమి సాధించాలనుకుంది, ఎంతవరకు సాధించింది అని వేర్వేరుగా అడగాలి.

సారాంశం

మైలురాయి భాగానికి ప్రేక్షకుల సంఖ్య, అభిమానుల ఆనందం, విమర్శకుల తీర్పు అనే మూడు కొలతలు ఉంటాయి. మొదటిది ఎంతమంది చూశారో చెబుతుంది. రెండవది ఎంత ఇష్టపడ్డారో చెబుతుంది. ఎందుకు బాగుంది, ఎక్కడ బాగులేదు అని కారణాలతో చెప్పవలసిన బాధ్యత మూడవదానిది. బేతాళుడి ప్రశ్నకు విక్రమార్కుడు తీర్పుతోపాటు కారణం కూడా చెబుతాడు. సమీక్షకుడి పనీ అంతే.

ఆలోచించండి

1. మీరు చూసే ధారావాహికలో ఒక భాగాన్ని ఎంచుకోండి. అది విడికథా, పెద్ద కథలో భాగమా? ఎలా చెప్పగలరు?
2. ఆ భాగం తన ప్రేక్షకులను సంతోషపెడుతోందా, గౌరవిస్తోందా? ఒక సన్నివేశం ఆధారంగా రాయండి.
3. మీ ఇంట్లో పెద్దలు పాడే, చెప్పే పురాణ కథల్లో మూలంలో లేని సంగతులు ఏవైనా ఉన్నాయా? వాటిని సేకరించి, ఎవరి చూపు వాటిలో కనిపిస్తోందో చర్చించండి.