బాలింత నీరసమును రెండు గ్రంథులును

మన యిండ్లలో బాలింతకు నీరసమన్న వింత లేదు. కాన్పైన పిమ్మట కొన్ని మాసములు స్త్రీ నిస్సత్తువగా నుండిన, పథ్యము చాలలేదనియో, నిద్ర లేదనియో పెద్దలు సమాధానపడుదురు. పెక్కుపట్ల అది నిజమే. కాని యొక్కొక్కప్పుడు దాని మూలము కంఠమునందును కపాలమునందును గల రెండు చిన్న గ్రంథులలో నుండును. అట్టి యొక యుదంతమును చదువరుల కెరిగింప దలచితిమి.

కంఠమున ముందువైపు సీతాకోకచిలుక రెక్కలు విప్పిన రీతి నుండునది థైరాయిడ్ గ్రంథి. దేహపు వేడి, గుండె వడి, బుద్ధి చురుకు దీని రసమగు థైరాక్సిన్‌పై నాధారపడి యుండును. దీని కాజ్ఞ లిచ్చునది మెదడు క్రింద ఎముక గూటిలో సెనగగింజంత యుండు పిట్యూటరీ. ఇది కఫమును స్రవించునని పూర్వపు పాశ్చాత్యులు భ్రమించి, కఫమను నర్థము గల లాటిను మాటనుండి ఆ పేరు పెట్టిరి. మనవారు దీనిని పీయూష గ్రంథి యనిరి. పీయూషమన అమృతము, ఈనిన యావు జున్నుపాలకును ఆ పేరే. తల్లికి పాలు పడుటకు ప్రేరణ ఈ గ్రంథినుండియే వచ్చును గనుక, తెలుగు చెప్పుకొను మాకు మన పేరే తగియున్నట్లు తోచును.

1912లో జపాను వైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథులను పరీక్షించి, వానియందు లింఫ్ కణములు క్రిక్కిరిసి యుండుట గనెను. ఇవి రోగక్రిములతో పోరవలసిన రక్షకభటులు. అట్టి రోగుల రక్తమున తమ థైరాయిడ్ పైననే యెక్కుపెట్టిన ప్రతిరక్షకములు కలవని 1956లో లండను పరిశోధకులు కనుగొనిరి. కంచెయే చేను మేసినట్లన్నమాట.

1962లో గౌడీ, పింకర్టన్ అను వైద్యశాస్త్రజ్ఞు లిరువురు 22 ఏండ్ల యువతి కథను ప్రకటించిరి. రెండవ కాన్పు తరువాత ఆమెకు నీరసము హెచ్చెను, బహిష్టు నిలిచెను. కాన్పైన 14 నెలలకు కడుపునొప్పి రాగా అపెండిక్సును కోసి తీసిరి. కొన్ని గంటలలోనే రక్తప్రసరణము కుంటువడి యామె మరణించెను. శవపరీక్షయందు థైరాయిడ్‌లో హషిమోటో వ్యాధి కానవచ్చెను; పీయూష గ్రంథిలోను అవే కణముల మూక. మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులు కృశించి యుండెను. శస్త్రచికిత్స వంటి యాయాసమును దేహము తట్టుకొనుటకు ఆ గ్రంథుల రసమగు కార్టిసాల్ కావలెను. పీయూష గ్రంథి యాజ్ఞ లేనిదే యది తగినంత యూరదు.

ఇచ్చట నొక చిక్కు కలదు. థైరాయిడ్ మందగించినపుడు పీయూష గ్రంథి దానిని తట్టి లేపుటకు టి.ఎస్.హెచ్. అను రసమును హెచ్చుగా పంపును. రక్తపరీక్షలో ఆ యంకె పెరుగుటయే వ్యాధికి గుర్తు. తట్టి లేపవలసిన గ్రంథియే చెడినచో అంకె పెరుగక, చీటీలో అంతయు బాగుగనే యున్నట్లు కన్పట్టవచ్చును. కావున అనుమానమున్నచోట థైరాక్సిన్‌ను కూడ కొలుతురు. మందు నిచ్చుటలోను వరుస గలదు: కార్టిసాల్ లోపమున్న ముందు దానిని పూరించి, పిదపనే థైరాక్సిన్ మాత్ర నిత్తురు. వరుస తప్పిన, దేహమున మిగిలిన కొలది కార్టిసాల్ త్వరగా వ్యయమై ప్రాణముమీదికి వచ్చును.

కాన్పులో అధిక రక్తస్రావము వలనను ఈ గ్రంథి చెడునని 1937లో షీహన్ విశదీకరించెను. పాలు పడకపోవుట, బహిష్టు తిరిగి రాకుండుట, విడువని తలనొప్పి, చూపు మందగించుట, లేచి నిలిచిన కన్నులు తిరుగుట కలిగిన బాలింతను వైద్యునికడకు తోడ్కొనిపోయి, కాన్పు వివరములన్నియు చెప్పవలెను. కార్టిసాల్ లోపమునకు మాత్రలు వాడువారు వానిని తమంతట మానరాదు. శస్త్రచికిత్సకు ముందు ఆ సంగతి తెలుపవలెను. ఆ దినములలో మోతాదు పెంచవలసి యుండును.