వార్తల్లో పదం: ఎనర్జీ ప్రపోర్షనాలిటీ

2025 అక్టోబరులో విశాఖకు ప్రకటించిన గూగుల్ డేటా సెంటర్‌ది గిగావాట్ స్థాయి. కొరాపుట్ జిల్లాలో ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ఆస్తి అయిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 120 మెగావాట్లే. అంటే ఎనిమిది మాచ్‌ఖండ్‌లకు పైమాటే! ఆ ఒక్క కేంద్రం జలాశయం కోసమే ఎందరో ఆదివాసులు ఊళ్లు వదిలారు. అందుకే ఈ పదం మనకూ కావాలి.

చేసిన పనికి తగ్గట్టే కరెంటు కాలాలన్నది దీని అర్థం. గూగుల్ ఇంజినీర్లు బరోసో, హోల్జ్‌లె 2007లో సర్వర్ల విషయంలో ఈ వాదన చేశారు. సర్వర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు మరీ మొండివి. డేటా పారకపోయినా దాదాపు అంతే కరెంటు తాగుతాయి. 2010 నాటి ఈథర్‌నెట్ ప్రమాణం ఒకటి ఖాళీ లింకుకు కునుకు నేర్పింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ‘ఎలాస్టిక్‌ట్రీ’తో, రద్దీ తగ్గినప్పుడు డేటాను కొద్ది దారుల్లోకే మళ్లించి మిగతా స్విచ్‌లను ఆపేయవచ్చని చూపారు.